మొదటి ట్రే అంచు ముక్క

కోవిల్‌పట్టి

అక్కకి, నీ చెల్లెలు పద్మ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారు, పిల్లలు కులాసాయేనా? ఫోన్లో అయితే నా గొంతు విని కంగారు పడతావని ఇది రాస్తున్నాను.

ఇక్కడి ఎండ మన గుంటూరు ఎండకి తీసిపోదు. ఇడ్లీ బాగుంటుంది, గోంగూర మాత్రం కలలోనే. ఎవరన్నా ఇటు వస్తుంటే కాస్త పచ్చడి పంపు. మా వేరుశనగ చిక్కీల కార్ఖానాలో పాకం పట్టేది, కోసేది, ప్యాకెట్లు కట్టేది అంతా ఆడవాళ్లే. ఊరు తమిళనాడులోదే అయినా వాళ్లలో వాళ్లు తెలుగే మాట్లాడుకుంటారు, మన తాతమ్మ కాలం నాటి తెలుగు. అది వింటుంటే ఇంటి మీద బెంగ పెరుగుతుందే తప్ప తగ్గదు.

సూపర్‌వైజర్ని అయ్యానుగా, తెలివి ఎక్కువైంది. రోజూ మొదటి ట్రే కోయగానే తలా ఒక అంచు ముక్క నోట్లో వేసుకుని, పాకం కుదిరిందో లేదో చెప్పుకుంటూ కాసేపు నవ్వుకునేవాళ్లు. సరుకు దండగ, టైము దండగ అని ఆపించేశాను. దాని బదులు, ఎవరు ఎక్కువ ప్యాకెట్లు కడితే వాళ్ల పేరు గోడ మీద రాయడం మొదలుపెట్టాను. నవ్వులు ఆగాయి. ఒకళ్లకొకళ్లు చెయ్యి సాయం చేసుకోవడమూ ఆగింది.

పోయిన వారం విరుదునగర్‌కి పంపిన లోడంతా వెనక్కొచ్చింది. పాకం లేతగా దిగి, ముక్కలన్నీ కవర్లకి అంటుకుపోయాయి. ఇంకోసారి ఇలా అయితే మీ ఊరికి వెళ్లిపొమ్మన్నాడు ఓనరు. అందరిలోకీ పెద్దది రాజమ్మ. మీకెవరికీ తెలియలేదా అని ఆమెని అడిగాను.

"తెలిసె పాపా. కత్తి దించినప్పుడే తెలిసిపాయె. అడిగేవాళ్లే లేకుంటే ఎవరితో చెప్పేది?" అంది తలెత్తకుండా.

సిగ్గేసింది. నువ్వే గుర్తొచ్చావు. మిరప తొడిమలు తీసేవాళ్లకి మేస్త్రివై ఉండి కూడా, బస్తా విప్పగానే గుప్పెడు కాయలు వాళ్ల చేతుల్లో పెట్టి, కాయ ఎట్లా ఉందని ఒక్కొక్కరినీ అడిగేదానివి. నీకు తెలియకనా అని నేను వెక్కిరించేదాన్ని. ఆ ఘాటుకి తుమ్ముతూ అందరం పడీపడీ నవ్వేవాళ్లం. ఎంత బాగుండేవి అక్కా ఆ రోజులు.

మర్నాడు గోడ మీది పేర్లు తుడిచేశాను. మొదటి ట్రే రాజమ్మ ముందు పెట్టి, పాకం ఎలా ఉందని అడిగాను. ఆమె ఒక ముక్క నమిలింది. తర్వాత అంచు ముక్క విరిచి నా చేతిలో పెట్టి, "నువ్వూ తిని చెప్పు" అంది.

ఇక్కడికొచ్చి ఆరు నెలలైంది అక్కా. మా చిక్కీ నేను తినడం అదే మొదటిసారి.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు చెప్పు. నీ దీవెన ఉంటే ఇక్కడ నిలబడతాను.

నీ చెల్లెలు,
పద్మ