గాలి పొయ్యి

ఇబ్రహీంపట్నం,
ఆదివారం పొద్దున.

చిరంజీవి సౌభాగ్యవతి నర్మదను నీ బాపు కడుపునిండా దీవించి రాసే ఉత్తరం. అల్లుడు హరీశ్‌ను అడిగినట్టు చెప్పు. సూరత్‌లో చలి మొదలైందని రాశావు, మిల్లుకు పోయేటప్పుడు అతనికి చెవులకు గుడ్డ కట్టుకొమ్మని చెప్పు.

ఉత్తరం మొదట్లో "మేమంతా క్షేమం" అని రాయాలని చిన్నప్పుడు బడిలో నేర్పారు. నేను నేర్చుకున్నదే కొంచెం, అందులో ఇదొకటి. ఆ ఒక్క మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయి, ఎన్ని కాగితాలు మడిచి పక్కన పెట్టానో బిడ్డా. ఈ రోజు రాస్తున్నాను. మేమంతా క్షేమం. మీ అమ్మ తిన్నది. నా తల్లీ, నా బంగారు తల్లీ, మీ అమ్మ తిన్నది. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

బాపుకు మతి తప్పిందా, అమ్మ తింటున్నదని ఫోన్‌లో ఎప్పుడో చెప్పాడు కదా అని నువ్వు అనుకుంటావు. ఆ తినడం వేరు, ఈ తినడం వేరు. ఎందుకు వేరో కిందికి పోయాక రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవకుండా కాగితం నలిపేస్తావేమోనని భయం. ఫోన్‌లో చెప్పరాదా అంటావేమో. నా చెవుల సంగతి నీకు తెలియనిది కాదు. స్పీకరు పెడితే గానీ వినపడదు, స్పీకరు పెడితే మీ అమ్మతో పాటు వాడకట్టంతా వింటుంది. ఇది నీకూ నాకూ మధ్య ఉండాల్సిన సంగతి.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. అమ్మ మందు గోళీలు వేసుకుంటున్నది. నిద్ర పడుతున్నది గానీ పక్క మార్చినప్పుడల్లా మూలుగుతుంది. మన్నెగూడ చౌరస్తాలో అమ్మ చేపల వేపుడు బండిని సంజీవ నడుపుతున్నాడు. అమ్మ చేతికింద పని నేర్చినవాడే కాబట్టి బండి పేరు చెడగొట్టలేదు. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. చెరువులోకి దిగడం మానేశాను, కట్ట దాకా పోయి వల వేసేవాళ్లకు సలహాలు చెప్పి తిట్లు తిని వస్తున్నాను.

వానాకాలంలో అమ్మ గుండెకు స్టెంటు వేసినప్పుడు నువ్వు వచ్చి ఉన్నావు, సెలవు అయిపోయి ఏడ్చుకుంటూ పోయావు. తర్వాత జరిగింది నీకు సగమే తెలుసు. డాక్టరు నూనె వేపుళ్లు ముట్టొద్దన్నాడు. వేరేవాళ్లకు అదొక పథ్యం, అంతే. మీ అమ్మ బతుకంతా మూకుడు ముందు గడిచింది. చేప ముక్క నూనెలో పడగానే వచ్చే చప్పుడును బట్టి అది ఎప్పుడు వేగుతుందో చెప్పే మనిషి. నేను ఉడకబెట్టి పెట్టిన కూర చూసి, "గిది రోగమొచ్చినోళ్లు తినేది" అన్నది. నీకు వచ్చింది రోగమే కదా అంటే గోడ వైపు తిరిగి పడుకున్నది. మొదట సగం తినేది, తర్వాత పావు, తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నేను అటు తిరగగానే ఊసేది. గాజులు జారి మోచేతి దాకా పోతున్నాయి. తిండి లేకుండా ఇన్ని గోళీలు మింగితే మనిషి నిలవదని దవాఖానలో నర్సు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. బిడ్డా, గాలివానలో నడిచెరువులో తెప్ప తిరగబడ్డ రోజు కూడా నేను భయపడలేదు. ముట్టని అన్నం పళ్లెం చూసి భయపడ్డాను. ఆ పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడి, ఎవరిని పిలవాలో తెలియక కోళ్లను పిలిచాను.

అటువంటప్పుడు నువ్వు పంపిన ఎయిర్ ఫ్రైయర్ మిషన్ వచ్చింది. నూనె లేకుండా వేపుడు చేస్తుందని నువ్వు చెప్పినప్పటి నుంచి దేవుడు దిగి వస్తున్నట్టు ఎదురుచూశాను. డబ్బా విప్పి పసుపు కుంకుమ పెట్టాను. బంతిపూల దండ తెచ్చి మెడలో వేసినట్టు వేశాను. అది వెనుక గాలి పోయే సందుల మీద పడింది. పడిపోకుండా గోడకు గట్టిగా ఆనించి, టీవీకి, ఫ్రిజ్జుకు ఉన్న ఎక్స్‌టెన్షన్ డబ్బాలోనే దాని ప్లగ్గు కూడా గుచ్చాను. నూనె లేకుండా వేపుడెట్లా అవుతుంది, కొంచెమైనా పోయకపోతే మిషన్‌కే అవమానం అనుకుని గిన్నెడు నూనె పోశాను. నీ ఉత్తరంలో రాశావు కదా, గోడకు జానెడు దూరం ఉంచు, దాని మీద వెనుక ఏదీ కప్పకు, లోపల నూనె పోయకు, గోడకున్న పెద్ద సాకెట్‌లోనే పెట్టు అని. ఆ ఉత్తరం మిషన్ కంటే ముందు వస్తే ఎంత బాగుండేది.

అవన్నీ చిన్న తప్పులు. పెద్ద తప్పు నా నోటితో జరిగింది. మీ అమ్మ మంచం మీద నుంచే అడిగింది, "మంట లేకపాయె, కట్టెలు లేకపాయె, గిది దేనితోటి ఒండుతది" అని. నాకు సంతోషం ఆగలేదు. "గాలితోటి. గిది గాలి పొయ్యి" అని పెద్దగా అన్నాను. అన్నానో లేదో సందుల్లోంచి తెల్లని పొగ ఇల్లంతా కమ్మింది. దండ మాడి వాసన వచ్చింది. నేను ప్లగ్గు పీకితే అది చేతిలో కాలుతున్నది. పొగలో మీ అమ్మ లేచి కూర్చుని నన్నే చూస్తున్నది.

నీకు గుర్తుందా, చిన్నప్పుడు నీకు జ్వరం తగ్గకపోతే గాలి సోకిందని అన్నం ముద్ద నీ చుట్టూ తిప్పి, మూడు బాటల దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేది మీ అమ్మ. గాలి అంటే ఆమెకు ఆ గాలే. మరునాడు నేను మిషన్‌ను తుడిచి, నూనె లేకుండా ఆలుగడ్డ ముక్కలు చేసి పెట్టాను. చక్కగా వచ్చాయి. ఆమె పళ్లెం తీసుకున్నది, తింటుందేమోనని నా ప్రాణం లేచి వచ్చింది. లేచి ఆ పళ్లెం నా తల చుట్టూ తిప్పి, అడుగులో అడుగు వేసుకుంటూ పోయి మూడు బాటల దగ్గర పెట్టి వచ్చి కాళ్లు కడుక్కున్నది.

"గాలికి పెట్టేది మనుసులు తింటరా. నాకైతె సోకనే సోకింది, నీకు గూడ సోకిచ్చుకుంటవా" అన్నది.

అది ఆ గాలి కాదు, ఫ్యాను గాలి అని బతిమాలాను.

"ఫ్యాను పొగ వెడ్తదా" అన్నది.

ఆ తర్వాత ఒట్టి గంజే. అది కూడా మానేస్తుందేమో అన్న రోజుల్లో నీకు ఫోన్ చేసి, అమ్మ మిషన్ చేప తింటున్నదని చెప్పాను. నువ్వు ఫోన్‌లో ఏడ్చావు. నేనూ ఏడ్చాను. బిడ్డా, ఇప్పుడు చెబుతున్నాను, ఆ చేప మిషన్‌లోది కాదు.

నేను మన్నెగూడ పోయి సంజీవ దగ్గర మూకుట్లో వేగిన ముక్కలు కట్టించుకుని వచ్చేవాడిని. కవరు లుంగీలో దాచి వంటింట్లోకి పోయి, ఆ ముక్కలు మిషన్ గిన్నెలో పెట్టి, కొంచెంసేపు తిప్పి, గంట మోగాక ఆమె ముందే బయటికి లాగేవాడిని. మిషన్ పేరు కూడా మార్చాను, కరెంటు పొయ్యి అన్నాను. ఆమె తిన్నది. నేను గంతులు వేశాను. వాకిట్లో పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పాను. నూనెలో మునిగిన చేప అని తెలుసు, డాక్టరు మాట తెలుసు, అయినా రోజూ తెచ్చాను. ఆకలితో పోవడం కంటే ఇది నయం అనుకున్నాను. నా చేతులతో నేనే పెట్టాను, తల్లీ.

మొన్న మధ్యాహ్నం అమ్మకు ఛాతీ బరువెక్కింది. చెమటలు పట్టాయి. ఆటోలో ఎల్బీనగర్ దాకా ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని పోతూ, నేనే చంపుకున్నాను, నేనే చంపుకున్నాను అని లోపల అనుకుంటూనే ఉన్నాను. దవాఖానలో గుండెకు వైర్లు పెట్టి చూశారు, రక్తం తీసుకున్నారు. అప్పటికైతే ప్రాణభయం లేదు గానీ కొవ్వు బాగా పెరిగిందని డాక్టరు కాగితం చూపించి, వద్దన్న నూనె వేపుళ్లు ఎవరు పెడుతున్నారని అడిగాడు. చెప్పేద్దామని లేచాను.

మీ అమ్మ నా కంటే ముందు అన్నది. "నేనే సార్. ఆయినకు తెల్వకుంట బండి కాడికి వొయ్యి తిన్న."

డాక్టరు ఆమెను తిట్టాడు. ఆమె తల వంచుకుని విన్నది. ఆ తిట్లన్నీ నావి.

నిన్న తిరిగి వస్తుంటే షేర్ ఆటో మన్నెగూడలో మనుషుల కోసం ఆగింది. సంజీవ బండి వైపు నుంచి వాసన వచ్చింది. మీ అమ్మ కళ్లు మూసుకునే అన్నది.

"సంజీవ మసాలల వాము ఏస్తడు. వొద్దంటె ఇనడు. నేను ఏనాడన్న ఏసిన్నా?"

మొదటి ముక్కకే తెలిసిపోయిందట ఆమెకు. మరి ఎందుకు తిన్నావని అడిగాను.

"నువ్వు గంత సంబురపడ్తివి. బిడ్డకు ఫోన్ల చెప్పుకుంట ఏడిస్తివి. నీ మొఖం జూసి తిన్న" అన్నది.

నర్మదా, నేను సంతోషం ఆపుకోలేని మనిషినని నీకు తెలుసు. నువ్వు పుట్టినప్పుడు చెరువు కట్ట మీద పరుగెత్తిన మనిషిని. ఆ సంతోషమే ఆమెను చంపబోయింది. ఆటోలో నా మొఖాన్ని తువ్వాలతో కప్పుకున్నాను.

ఊళ్లోకి వచ్చాక కట్ట దగ్గర ఆటో ఆపమన్నది. ఇంటికి పోదామంటే వినలేదు. అక్కడ మనవాళ్లు పరక చేపలు ఎండబెట్టారు. మబ్బు పట్టి ఉంది, ఎండ పొద్దటి నుంచే లేదట. ఆమె వంగి ఒక పరక తీసి విరిచింది, పెళుసుగా విరిగింది. అవి దేనికి ఎండాయి అని నన్ను అడిగింది. ఎండకు అన్నాను.

"ఎండేడున్నది. గాలికి ఎండినయ్" అన్నది. "గాలికి ఎండింది తినే గద పెరిగినం. గాలికి కాలింది తింటె ఏమైతది. నువ్వు గాలి పొయ్యి అంటివి. కట్ట మీది గాలి అంటె నేను ఎప్పుడో తిందును."

ఈ పొద్దున ఆమే లేచింది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నీ ఉత్తరం చదవమన్నది. నేను చదువుతుంటే ఆమె చేసింది. మిషన్‌ను గోడ నుంచి జరిపింది. పెద్ద సాకెట్‌లో పెట్టించింది. తడి చేతితో ముట్టొద్దని నువ్వు రాసింది చదివితే, "గది నాకు బిడ్డ చెప్పాల్నా" అని కొంగుతో చెయ్యి తుడుచుకున్నది. రవ్వ చేప ముక్కలను పాత ధోతీ గుడ్డతో ఒత్తి ఒత్తి తడి తీసింది, తడి ఉంటే ఉడుకుతుంది గానీ వేగదట. పసుపు, కారం, నిమ్మరసం, డాక్టరు చెప్పినంత చిటికెడు ఉప్పు. నూనె ఒక్క చెంచా, అది కూడా ముక్కలకు నీకు తలంటినట్టు రాసింది. లోపల కాగితం వేద్దామన్నాను, ఖాళీగా వేడి చేసేటప్పుడు కాగితం ఎగిరి పైనున్న వేడి తీగకు అంటుకుంటుందని నువ్వు రాసింది ఆమెకే గుర్తుంది. ముక్క మీద ముక్క పెట్టకుండా బండ మీద పరక ఆరేసినట్టు ఎడంగా పరిచింది. సగం అయ్యాక లాగి తిప్పింది. అయిపోయాక గిన్నె చల్లారనిచ్చి, ఇనుప పీచు వద్దని మెత్తని గుడ్డతో కడగమని నాకు పని చెప్పింది.

మళ్లీ నెలకు రక్తం చూస్తామన్నారు. అప్పుడు ఏమంటారో చూడాలి. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. అమ్మా తిన్నవా, మంచిగున్నదా అని ఉబ్బిపోయి అడగకు. ఆమె మన కోసం అవునంటుంది. ఆకలైతున్నదా అని అడుగు, అంతే.

నేను కూడా అదే చేశాను. ఆమె పళ్లెం ముందు పెట్టుకోగానే నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నా మొఖం ఆమెకు కనపడొద్దు. ఆమెకు తినబుద్ధి అయితేనే తినాలి, నా కోసం వద్దు. గోడ మీద సున్నం పెచ్చులు చూస్తూ ఉన్నాను. తర్వాత ముక్క కొరికిన చప్పుడు. కర్రుమన్నది. ఈ మందపు చెవులకు కూడా వినపడింది, బిడ్డా. మళ్లీ కర్రుమన్నది. నేను కదలలేదు.

"ఓ నర్మద బాపు, గోడకు ఏమన్న రాసున్నదా" అన్నది మీ అమ్మ. "ఇటు మల్లు. అంచు జర మాడింది, ఇంకో ముక్క వెయ్యి."

నేను తిరగలేదు. తిరిగితే నా మొఖం సంగతి నాకు తెలుసు.

"మల్లు అంటున్న గద. ఇగ సంబురపడు. నాకు ఆకలైతున్నది."

ఇట్లు,
ఇంకో ముక్క వేసి వచ్చి ఈ ఉత్తరం ముగిస్తున్న
నీ బాపు
ఎంకయ్య