ఎవరూ పని చెప్పని రోజు

శ్రీలంక సముద్రతీరం,
శనివారం పొద్దున.

ఇంద్రేశంలో మా ఇంటి తాళాలకూ మందార మొక్కకూ ప్రస్తుత యజమానురాలైన కౌసల్యకు,

ఫోన్‌లో టైపు చేస్తున్నా ఇది ఉత్తరమే. కాల్ చేయకు, ఎత్తను. కొలంబోలో సెమినార్ నిన్నటితో అయిపోయింది, విమానం రేపు. మధ్యలో ఈ ఒక్క రోజు నాది. కాలేజీలో ప్రిన్సిపాల్, ఇంట్లో మీ అన్న, అంటే మా ఆయన, ఎవరూ నాకు పని చెప్పని రోజు ఇరవై ఏళ్లలో ఇదే మొదటిది. దీన్ని పాడుచేసుకోకూడదని ఎంత పట్టుదలగా ఉన్నానంటే, విశ్రాంతి సరిగ్గా తీసుకుంటున్నానా లేదా అని పొద్దున్నుంచీ నన్ను నేనే తనిఖీ చేసుకుంటున్నాను.

ఊరంతా బొమ్మలే. పడవల మీద చేపలు, గోడల మీద పడవలు. కాఫీ షాపులో ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ పోలిక లేదు. మన కాలనీ ఫంక్షన్లో అయితే టెంట్‌హౌస్ ఆయనతో గొడవయ్యేది, ఇక్కడ అది కళ. ఒక పెద్ద నీలం పెయింటింగ్ ముందు తల పక్కకు వాల్చి చాలాసేపు నిలబడ్డాను. అది ఆరడానికి బయట పెట్టిన తలుపట.

ఇప్పుడు కుండలు చేయడం నేర్పే క్లాసుకు పోతున్నాను. డబ్బు ముందే కట్టాను. పాస్‌పోర్టు హోటల్ వాళ్ల దగ్గరే ఉంది, కాబట్టి చేతులూపుకుంటూ వెళ్లొచ్చు.

హాయిగా ఉన్నాననే అనుకుంటున్న,
హైమక్క.

తా.క.: ఈత ఆకు టోపీ కొన్నాను, కళాకారిణిలా కనిపిస్తానని. ఇందాకే ఒకావిడ నన్ను కొబ్బరి బోండాం ఎంత అని అడిగింది.

*

ఇంద్రేశం.

హైమక్కకు కౌసల్య దండం పెట్టి రాసేది,

నీ ఉత్తరం సదివినకాంచి నాకు పరేషానే. పాస్‌పోర్టు వాళ్లు గుంజుకున్నరా? మా కిరాయి రూములల్ల ఉండే ఒడిశా పిలగాండ్లు చెప్పిన్రు, ఇటుక బట్టీకి తోల్కపోయే మేస్త్రి మొదలు కార్డులే గుంజుకుంటడట. "పని నేర్పిస్త రా" అంటడట. మనమే పైసలిచ్చి మట్టి పిసుకుడేందక్కా? యాడన్న ఉంటదా?

అన్నకు చెప్తే నవ్విండు. "మీ అక్క ఇంట్ల చపాతి పిండే పిసకదు, ఆడ మట్టి పిసుకుతదా" అన్నడు. గాయనతోని గాదు. జల్దీ ఒక ఫోటో పంపు.

నీ చెల్లె అసుంటిది,
కౌసల్య.

తా.క.: ఆపదల ఉంటే ఫోటోల ఎడమ చెయ్యి లేపు. నాకు సమజైతది.

*

మట్టి మధ్య నుంచి, మధ్యాహ్నం.

లేనిపోని భయాల కౌసల్యకు,

ఫోటో పంపుతున్నాను, పక్కనున్నామె తీసింది. ఇక్కడ టూరిస్టు ఒక్కరూ లేరు. అసలైన చోటికే వచ్చానని గర్వపడుతున్నాను. లోపలికి రాగానే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, మాట్లాడకుండా మట్టిగుట్ట చూపించాడు. భాష రాక కాదు, మాటల్లేని బోధన అయ్యుంటుంది. ఫోన్ గూట్లో పెట్టమని సైగ చేశాడు, ఏకాగ్రత కోసం. ఇది టీ విరామంలో రాస్తున్నాను.

ఇంతవరకు కుండ జోలికి పోనివ్వలేదు. ఒక గుట్ట పిసికితే ఇంకో గుట్ట తెచ్చి పోస్తున్నారు. ముందు మట్టితో స్నేహం చేయాలన్నమాట. నడుం విరుగుతోంది. లేచి వెళ్దామా అంటే, మధ్యలో లేస్తే కళను అవమానించినట్టు అవుతుందేమోనని సందేహం.

ఇట్లు,
పిలుపొచ్చింది, వెళ్తున్నా.

తా.క.: ఫోటోలో ఎడమ చెయ్యి లేచింది ఈగను తోలడానికి. నిజంగా ఈగే.

*

ఇంద్రేశం, కాలనీ మొత్తం తరఫున.

హైమక్కా, ధైర్యంగుండు.

ఈగ అని వాళ్లే రాయించిన్రని మాకు సమజైంది. అందరం జమైనం. ఫ్యాక్టరీల యూనియన్ నడిపి రిటైరైన శివరామకృష్ణ సార్ నీ ఫోటో పెద్దగ చేసి సూసిండు. "గ్లౌజుల్లేవు, బూట్లు లేవు, కూసుంటానికి పీట గూడ లేదు" అని తల పట్టుకున్నడు. నీ ఎనక గోడ మీద నంబరు కనవడితే ఫోన్ చేసి, మా ఆడమనిషిని పంపుమని ఇంగ్లీషుల దబాయించిండు. ఆడికెల్లి ఏమన్నరో ఎర్కనా? "ఆమె పని మంచిగ చేస్తున్నది, ఎందుకు పంపాలె?" అన్నరంట!

ఇగ సూడు, సార్ మొఖం ఎర్రగైంది. పొద్దుగూకేలోపు నిన్ను ఇడవకపోతే ఢిల్లీ దాకా పోతమంటున్నడు.

నీకోసం తిండి మానేసిన (టిఫిన్ అయినంక),
కౌసల్య.

తా.క.: మూల మీది బక్కమ్మ అడుగుతున్నది, ఆడ పనికొస్తే రూము గూడ వాళ్లే ఇస్తరా?

*

హోటల్ గది, పొద్దుగూకాక.

నా విమోచకురాలు కౌసల్యకు,

నీ ఉత్తరం చూసి మండిపోయి లేచాను. నేను డబ్బు కట్టిన టూరిస్టునని మీ అందరికీ రుజువు చేయాలని యజమానిని పిలిపించాను. ఆయనకు ఇంగ్లీషు వచ్చు.

"క్లాసా? అది పక్క తలుపండీ! ఇండియా మేడమ్ ఒకరు రాలేదని వాళ్లు పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నారు," అన్నాడు.

ఇది వాళ్ల పని షెడ్డు. ఈ రోజు కొత్తగా చేరాల్సిన కూలిమనిషి నేనే అనుకున్నారట. సార్ ఫోన్ చేస్తే, ఇంట్లోవాళ్లు నన్ను పని మాన్పిస్తున్నారు కాబోలని యజమానే నా తరఫున వాదించాడట.

పక్క తలుపులోకి తొంగిచూశాను. ఏప్రన్లు, నిమ్మరసం, మెత్తటి సంగీతం. తలా ఒక వంకర కప్పు చేసి ఒకరికొకరు చప్పట్లు కొట్టుకుంటున్నారు. అంత మెత్తటి మట్టి ఎప్పుడూ చూడలేదని ఒకావిడ మురిసిపోతోంది. అది పిసికింది నేను.

యజమాని నొచ్చుకుని నన్నూ చక్రం ముందు కూర్చోబెట్టాడు. నా కప్పు రెండుసార్లు కూలింది. టీచరు జాలిగా నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నా నా పని బాగుందని ఎవరూ అనలేదు, నన్ను వదలడం నష్టమని అసలే అనలేదు. మెల్లగా లేచి షెడ్డులోకి వెళ్లి, మిగిలిన గుట్ట పూర్తిచేసి వచ్చాను. అది మాత్రం ఎవరూ చెప్పకుండా చేశాను. నా రోజు నాకు దక్కినట్టేనా?

సందేహాలు తీరని,
హైమక్క.

తా.క.: నేను కూలిమనిషిని కానన్న సంగతి, పొద్దున మట్టిగుట్ట చూపించిన షెడ్డు మేస్త్రికి ఎవరూ చెప్పినట్టు లేదు. రేపు పొద్దున్నే రమ్మని సైగ చేశాడు. మొహమాటానికి తలూపేశాను. విమానమూ పొద్దున్నే. చేరిన మర్నాడే సెలవు అడిగితే ఏమనుకుంటారో, కాస్త శివరామకృష్ణ గారిని కనుక్కుని చెప్పు.