మ్యాగజైన్‌కు పెట్టిన బొట్టు

పెద్దారవీడు

బావగారికి నమస్కారం.

మీ చెల్లెలు పక్కనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. మొక్కజొన్న చేలో అడవి పందులు కూడా కులాసాగానే ఉండేవి.

రైఫిల్ సంగతి మీకు తెలిసిందే. పందుల్ని బెదరగొట్టడానికి గాలిలో కాలిస్తే మొదటి తూటా పేలుతుంది, రెండోది పైకెక్కదు. మొదటి మోతకు పందులు తలెత్తి చూస్తాయి. రెండో మోత రాకపోతే మళ్లీ మేస్తాయి. మీరు చెప్పినట్టే తూటాలు మార్చాను, తూటాలు పెట్టే డబ్బా, అదే మ్యాగజైన్, మూతి వంగిందేమో చూశాను. లాభం లేదు.

నిన్న సాయంత్రం చేను గట్టున కూర్చుని, తూటాలన్నీ తీసేసి మ్యాగజైన్ విప్పాను. స్ప్రింగ్ నిండా గడ్డకట్టిన పసుపు, కుంకుమ! దసరాకు ఆయుధపూజ చేసింది మీ చెల్లెలే.

గట్టు మీదే ఉన్న ఆమెను అడిగితే, "బయట కట్టెకు బొట్టు పెడితే సాలునా? తూటాను ఎత్తేది లోపలుండే స్ప్రింగే గదా!" అనింది.

నేను స్ప్రింగ్ తుడుస్తున్నాను. ఇంతలో పందులు చేలో దిగినాయి.

"చేను పోతాంటే డబ్బా తుడుసుకుంటా కూచుంటివా!" అని ఆమె నా మీద అరిచింది. ఆ అరుపుకు పందులు కొండ దాకా వెనక్కి చూడకుండా పోయినాయి.

రైఫిల్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. కానీ వచ్చే దసరాకు ఆయుధపూజ ఎవరికి చేయాలో నాకు తెలిసిపోయింది.

మీ బావ