చక్రాలు తుడిచే గుడ్డలు

నకసావా,
2024 మార్చి 28

ప్రియమైన మిసావోకి,

తోమియె రాయునది. కొండ ఎగువన మంచు ఇంకా నడుం లోతు ఉంది. దిగువన మాత్రం కరిగి, ఇంటి ముందు కాలవ పగలంతా గోల చేస్తోంది. మీ సెందాయ్‌లో ఈపాటికి చలి కోట్లు పెట్టెల్లోకి వెళ్ళిపోయి ఉంటాయి. నీ భుజం నొప్పి తగ్గిందనీ, మీ అన్నయ్య క్షేమమనీ తలుస్తాను. ఇక్కడ అందరం కులాసా, ఒక్క మనిషి లోటు తప్ప.

మా అత్తగారు పోయారని తెలిసి నువ్వు రాసిన ఉత్తరం అందింది. పెద్దల గూట్లో ఆవిడ ఫొటో ముందు పెట్టి, ధూపం వెలిగించి చదివాను. “ఆవిడ పోయింది, నేనూ క్షమించేశాను. ఈ ఏడైనా ఆ పూలు చూడ్డానికి రానా?” అని రాశావు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను ఎదురుచూస్తున్న మాట అది. తీరా వచ్చాక జవాబివ్వడానికి ఇరవై రోజులు పట్టింది. రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది.

రా. ముందు ఆ మాట రాసేస్తున్నాను, మిగతాది తర్వాత.

కతకురి పూలు ఏప్రిల్ పదిహేను తర్వాత విచ్చుకుంటాయి, పది రోజులుంటాయి, అంతే. ఇప్పుడు అవి పూసే కొండవాలు దాకా దేవదారు చెక్కల బాట వేశాం. మన ఊరివాళ్ళే వేశారు. పోయిన వసంతంలో చక్రాల కుర్చీల్లో ఆరుగురు వచ్చి చూసి వెళ్ళారు. వాళ్ళలో ఒక పంతులమ్మ, “నిలబడ్డవాళ్ళకి ఈ పూల వీపులే కనిపిస్తాయి, తల దించుకుని ఉంటాయి కదా. నాకైతే మొహాలు కనిపిస్తున్నాయి,” అంది. ఆ మాట విన్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు. పక్కకి వెళ్ళి ఏడ్చాను.

చెక్కల బాట అయిపోయాక చివర ఏటవాలు ఉంది. అక్కడ కుర్చీ ముందు రెండు కర్రలు బిగించి, ఎడ్ల కాడిలా పట్టుకుని లాగుతారు. వెనక ఒకరు తోస్తారు. లాగడానికి ముసలాళ్ళంతా పోటీ. కిచిజో గుర్తున్నాడా, మీ పెరట్లో పళ్ళు దొంగిలించిన పిట్ట మనిషి? ఇప్పుడు వడ్రంగి, డెబ్భై ఏళ్ళు. “మిసావోని నేనే లాగుతా, ఇంకెవడన్నా కర్ర ముట్టుకుంటే ఊరుకోను. చిన్నప్పుడు వాగు దాటాలంటే నన్ను వీపున ఎక్కించుకునేది. ఇప్పుడు నా వంతు,” అని ఊరి సంఘం మీటింగులో లేచి నిలబడి మరీ చెప్పాడు. “నీ మోకాళ్ళకి అంత సీనుందా?” అని ఎవరో అంటే రెండు రోజులు అలిగాడు.

మా ఇంటి గడప కూడా వాడే సరిచేశాడు. చెప్పులు విప్పే చోటు నుంచి లోపలికి మోకాలెత్తు మెట్టు ఉండేది కదా, దానికి చెక్క వాలు కట్టాడు. మొదటిసారి కట్టింది మరీ నిటారు. పరీక్షకని వాళ్ళావిడనే కుర్చీలో కూర్చోబెట్టి తోశాడు. అది సగం ఎక్కి, వెనక్కి జారి, చెప్పుల అర మీద పడింది. ఆవిడ చెప్పుల మధ్య కూర్చునే, “నలభై ఏళ్ళు కాపురం చేశాక వదిలించుకోవడానికి ఇదా దారి దొరికింది నీకు?” అంది. రెండోది పొడుగ్గా వాకిట్లోకి దిగేలా కట్టాడు. ఇది బాగుంది. నేను కూర్చుని చూశాను.

స్నానాల గది తలుపు మార్పించడానికి మా కోడలు నాత్సుమి టేపు పట్టుకుని వచ్చి, “అత్తయ్యా, మీ స్నేహితురాలి కుర్చీ వెడల్పెంత?” అని అడిగింది. తెలియదన్నాను. “ఎప్పుడూ చూళ్ళేదా?” అంది. చూశాను, మిసావో, ఒక్కసారి, గుమ్మం దగ్గర. నీ మొహం కూడా సరిగ్గా చూడలేకపోయాను, ఇక కుర్చీ ఏం చూస్తాను. జవాబులో వెడల్పు రాయి.

ఒక్క రాత్రయినా ఉండేలా రా. వానొస్తే కతకురి ముడుచుకుపోతుంది, మళ్ళీ ఎండ కొడితేనే విప్పుకుంటుంది. ఆ రోజు వానే. నువ్వు మీ ఇంటి కప్పు మీద మంచు తోస్తూ పడిపోయి, నడుం విరిగి, అన్నయ్యతో సెందాయ్ వెళ్ళిపోయాక అయిదేళ్ళకి మళ్ళీ ఊరొచ్చిన రోజు. ముందు మా ఇంట్లో టీ తాగి, వాన వెలిశాక పూలు చూద్దామనుకున్నావు. మా గుమ్మం దగ్గరే ఆగిపోయావు. చక్రాలు కూడా చెప్పుల్లాంటివేననీ, గడ్డి చాపల మీదికి రానివ్వనని అత్తగారు అంటున్నారనీ చెప్పాను. నువ్వు తల వంచి, “నిజమే కదా, నేనే ఆలోచించలేదు,” అని నవ్వావు. అన్నయ్య కుర్చీ తిప్పాడు. పూలు చూడకుండానే వెళ్ళిపోయావు.

ఆ చాపలు ఇప్పటికీ ఉన్నాయి. నువ్వు వాటి మీదికే వస్తావు. గుమ్మం పక్కన మేకుకి రెండు గుడ్డలు వేలాడుతుంటాయి. పాత తువ్వాళ్ళు మడిచి మందంగా కుట్టినవి. తడిపి చెరో చక్రం తుడిస్తే చాలు. చూశావా, పని ఎంత చిన్నదో.

నాత్సుమికి నీ సంగతి చాలా చెప్పాను. అడవి కూరలు ఏరి పెడతానంది. మీ అన్నయ్యకి నా నమస్కారాలు. చలిగాలికి భుజం జాగ్రత్త. వెంటనే జవాబు రాయి.

నీ చిన్ననాటి
తోమియె

తా.క. ఇక్కడిదాకా రాసి కవరు అంటించాను. మళ్ళీ చింపి తీశాను. ఈ నాలుగు ముక్కలు లేకుండా పంపితే నువ్వు తప్పకుండా వస్తావు. అందుకే రాయక తప్పదు.

ఆ రోజు మా అత్తగారు రావద్దనలేదు. నీ కుర్చీ చప్పుడు విని, వంటింట్లోంచి రెండు తడి గుడ్డలు పట్టుకుని పరుగున వచ్చారు. “అమ్మాయ్, పక్కకి జరుగు, చక్రాలు తుడుస్తాను. ఇంత వానలో బయటుంచుతావా? రాత్రికి ఉండమను,” అన్నారు. ఆవిడ గుమ్మం దాకా రాకుండా నడవలో నేనే అడ్డం నిలబడ్డాను, వాన హోరులో ఆ మాటలు నీకు వినపడలేదు. చాపలు మార్చి వారమైంది, ఇంకా పచ్చగా వాసన వేస్తున్నాయి. మా ఇంట్లో యాత్రికులకి అద్దె బస మొదలుపెట్టాం, మొదటి అతిథులు ఆ సాయంత్రమే రాజధాని నుంచి వస్తున్నారు. నువ్వు అలా ఉండగా వాళ్ళు చూస్తారని నాకు సిగ్గేసింది. చాపల కోసం కూడా కాదు మిసావో, సిగ్గేసింది. నువ్వే లోపలికి రానంటున్నావని ఆవిడకి చెప్పాను. ఆవిడ వద్దంటున్నారని నీకు చెప్పాను. పెద్దవాళ్ళ పేరు చెబితే మన ఊళ్ళో ఎవరూ ఎదురడగరు. నువ్వూ అడగలేదు.

ఆ తర్వాతి కొత్త సంవత్సరానికి నీ కార్డు వచ్చింది, “మీ అత్తగారు ఉన్నంతకాలం ఆ గడప ఎక్కను” అని. కార్డుకి కవరుండదు కదా. ఇంటికొచ్చిన కార్డులన్నీ సర్దేది ఆవిడే. చదివారు. కార్డు తెచ్చి నా భోజనం పళ్ళెం పక్కన పెట్టారు. నేను తలెత్తలేదు. అన్నం వడ్డిస్తూ, “ఉండనీ. అత్తనయ్యాక నింద ఎలాగూ తప్పదు. నీకు స్నేహితురాలు కావాలి,” అన్నారు. అంతే. మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేను నిజం రాస్తానని చూశారేమో, తెలియదు. నేను రాయలేదు.

ఏటా డిసెంబరు చివర కూర్చుని రెండు గుడ్డలు కుట్టేవారు. పాతవి వంటింట్లోకి, కొత్తవి మేకుకి. ఎందుకని నాత్సుమి అడిగితే, “మిసావో చక్రాలకి,” అనేవారు. పోయేముందు మూడు రోజులు మగత. “పూలొచ్చాయా? ఆ పిల్ల వచ్చిందా?” అని అడిగారు. బయట ఆరడుగుల మంచు. దారిలో ఉందన్నాను. ఆవిడకి నేను చెప్పిన ఆఖరి మాట కూడా అబద్ధమే.

నువ్వు క్షమించిన మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. ఆ క్షమ వెనక్కి తీసుకో. దాన్ని నాకిమ్మని అడగను. నా మొహం చూడలేనంటే ఆ పది రోజులూ మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను. వాకిట్లో నాత్సుమి ఉంటుంది, కిచిజో లాగుతాడు. కానీ రా, ఆవిడ కోసం రా. పోయిన డిసెంబరులో కుట్టిన గుడ్డలు మేకుకే ఉన్నాయి. చెయ్యి వణికి కుట్లన్నీ వంకరపోయాయి. ఇంకా ఒక్కసారీ తడవలేదు.