బూట్లు వేసుకుంటే ఆఫీసు

2023 జనవరి 9, సోమవారం

మళ్ళీ అదే. కస్టమర్ ఫోన్‌లో తన కారు మంచు మీద జారి స్తంభానికి ఎలా గుద్దుకుందో చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకాల నా రూమ్మేట్ స్వప్న మిక్సీ వేసింది. కొబ్బరి పచ్చడి. ఆయన ఆగి, "మీ దగ్గర అంతా బాగానే ఉందా?" అని అడిగాడు. ప్రమాదం ఆయనకి, పరామర్శ నాకు.

సాయంత్రం మేనేజర్ డయాన్ మెసేజ్. కాల్స్‌లో ఇంటి చప్పుళ్ళు ఎక్కువ వినిపిస్తున్నాయట, ప్రొబేషన్ రివ్యూ దగ్గర పడుతోంది, కాస్త చూసుకోమంది. మర్యాదగానే రాసింది. ఆ మర్యాదే భయం.

ఈ ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే పీఆర్ మాట, కెనడాలో శాశ్వతంగా ఉండిపోయే మాట, మర్చిపోవడమే. వర్క్ పర్మిట్ ఈ ఏడాదితో సరి.

జనవరి 10

నడుము నొప్పి. ఇంకేం లేదు.

జనవరి 11

ఇంట్లోనే ఉంటావుగా… ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ.

పైన ఉండే ఇంటివాళ్ళు, పద్మ ఆంటీ: "ప్లంబర్ వస్తాడమ్మా, కాస్త తలుపు తియ్యి. ఇంట్లోనే ఉంటావుగా." స్వప్న కాలేజీకి పోతూ: "అక్కా, జర రైస్ పెట్టవా, ఇంట్లనే ఉంటవ్ కదా." ఇప్పుడు కొత్తగా నీహారిక. కడప నుంచి దిగి వారం కాలేదు. ఎడ్మంటన్ మొత్తంలో ఎక్కడా గది దొరకలేదని మా బేస్‌మెంట్‌లోనే మూడో పరుపు వేశాం. స్టూడెంట్స్ గ్రూపులో ఎవరో నా నంబరిచ్చారు, 'అక్క పొద్దంతా ఇంట్లోనే ఉంటుంది' అని.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. అమ్మ అక్కడ అందరికీ మా అమ్మాయి ఇన్సూరెన్స్ కంపెనీలో ఆఫీసర్ అని చెప్పుకుంటోంది. ఇక్కడ నేను మ్యూట్ నొక్కి కుక్కర్ ఆపడానికి పరుగెత్తుతున్నా.

జనవరి 13

కంపెనీ అందరికీ ఓ మెయిల్ పంపింది. ఇంటి నుంచి పని చేస్తూ ఆరోగ్యంగా ఉండటం ఎలా. తలుపున్న గది విడిగా పెట్టుకోవాలట. మధ్యాహ్నం బయట నడవాలట… ఈ చలిలో. ఆఫీసుకి వెళ్ళినట్టే తయారవ్వాలట.

చివరిది ఒక్కటే నా చేతిలో ఉన్నది. ఇంటర్వ్యూ కోసమని కొన్న నల్ల బూట్లు బయటికి తీశాను. ఆ ఇంటర్వ్యూ వీడియోలో అయిపోయింది, అవి ఇంతవరకూ బయట నేల తొక్కలేదు. వేసుకుని ఇద్దరికీ చెప్పేశాను. ఇవి నా కాళ్ళకి ఉంటే నేను ఇంట్లో లేను, ఆఫీసులో ఉన్నా, కొంప అంటుకుంటే తప్ప పిలవొద్దు.

స్వప్న ఒకటే నవ్వు. "ఇప్పితే ఇంటికొచ్చినట్టా?"

వచ్చినట్టే.

జనవరి 17

పనిచేస్తోంది! నీహారిక వంగి బల్ల కింద నా కాళ్ళు చూసి, మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోతోంది. స్వప్న మిక్సీ పొద్దున్నే తిప్పేసుకుంటోంది. ఎన్నాళ్ళకో అన్నం వేడిగా తిన్నాను.

జనవరి 20

పద్మ ఆంటీ పులిహోర తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "దేవుడి పక్కన బూట్లేంటమ్మా? ఇక్కడి తెల్లవాళ్ళు కూడా గుమ్మంలో విప్పే లోపలికొస్తారు."

నిజమే. కానీ వైఫై అందేదీ, ప్లగ్గు ఉన్నదీ ఆ మూలే. దేవుడి అరా ఆ మూలే. కొత్తవి ఆంటీ, బయట తొక్కలేదు అన్నాను. "బూట్లు బూట్లే." పులిహోర మాత్రం ఇచ్చి వెళ్ళింది.

రాత్రి స్వప్న వెంకన్న పటం, ప్రమిద తీసి ఫ్రిజ్ మీద సర్దింది. రోజూ దీపం పెట్టేది తనే. "దేవుడు ఏడనైనా ఉంటడక్కా. నీకే జాగ లేదు" అంది. ఏడుపొచ్చింది. పులిహోర తింటూ కూర్చున్నా.

జనవరి 24

అలసట మాత్రం తగ్గలేదు. లాగౌట్ అయ్యాక కూడా బూట్లు విప్పబుద్ధి కావడం లేదు. విప్పానంటే మొదలు… అక్కా, రెజ్యూమె చూడవా. అక్కా, బ్యాంకులో ఏమడుగుతారు. అక్కా, ఈ బస్సు అటు పోతదా. పొద్దంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇంగ్లీషులో ఓదార్పులు చెప్పి చెప్పి, సాయంత్రానికి తెలుగులో ఒక్క మంచి మాట మిగలడం లేదు.

అందుకే కాసేపు అలా ఉంచేస్తున్నా. వాళ్ళకేం తెలుస్తుంది.

జనవరి 26

బూట్లతోనే భోంచేశాను. స్వప్న చూసింది.

జనవరి 31

ఎలా రాయాలో…

పని అయిపోయింది. హెడ్‌సెట్ తియ్యకుండా ఏదో వంట వీడియో చూస్తున్నా. నీహారిక తలుపు తీసుకుని లోపలికొచ్చింది. నా వెనకాల కాసేపు నిలబడింది, తెలుస్తూనే ఉంది. మళ్ళీ ఏదో అసైన్‌మెంట్ గొడవ అనుకున్నా. తిరగలేదు. గదిలోకి వెళ్ళిపోయింది.

కాఫీ షాపులో డ్యూటీ దిగి స్వప్న వచ్చేదాకా ఆ పిల్ల అలాగే పడుకుని ఉంది. బస్ స్టాప్ దగ్గర మంచు మీద జారి పడిందట. మణికట్టు ఇంత లావున వాచిపోయింది.

"అక్కను పిలవకపోయినవానే?"

"బూట్లేసుకోని ఉన్నింది కదక్కా. ఆఫీసులో ఉన్నింది."

పద్మ ఆంటీ కారు తీసింది. నేను ఆ బూట్లతోనే ఎక్కాను. పల్చటి అడుగు, లోపలికంతా మంచు. హాస్పిటల్లో ఎముక విరిగిందన్నారు, కట్టు వేశారు. నాకు కాళ్ళు మొద్దుబారిపోయాయి. నాకిలా కావలసిందే అనిపించింది.

రోజంతా అందరినీ అదే అడుగుతాను… దెబ్బ తగిలిందా, ఇప్పుడెలా ఉంది, తోడు ఎవరైనా ఉన్నారా. పక్క పరుపు మీద పడుకునే పిల్లని అడగలేదు. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 3

రివ్యూ అయింది. పర్మనెంట్. "ఈమధ్య మీ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అంది డయాన్. థాంక్స్ చెప్పాను.

అమ్మకి ఫోన్ చేశా. సంతోషపడింది. నా గొంతు అదోలా ఉందంది. జలుబు అన్నాను.

ఫిబ్రవరి 6

బూట్లు గుమ్మం దగ్గర వదిలేసి ఉత్త కాళ్ళతో పని చేస్తున్నా. ఎప్పుడు ఏం కావాలన్నా పిలువు అని నీహారికకి చెప్పాను. "సరేక్కా" అంది. పిలవడం లేదు. ఒంటి చేత్తో పళ్ళెం కడుక్కుంటోంది. స్వప్న కటింగ్ బోర్డు కింద తువ్వాలు మడిచి పెట్టి తరుగుతోంది. ఇద్దరూ గుసగుసలే.

చప్పుడు చెయ్యండర్రా అని ఎలా అడగను.

ఫిబ్రవరి 10, శుక్రవారం

డయాన్ మెయిల్. టీమ్‌లో ఒకరు మానేశారట. శనివారాలు కూడా చేస్తావా, ఎలాగూ ఇంటి నుంచే కదా. జవాబు ఇవాళే కావాలి. పీఆర్‌కి ఆవిడ లెటర్ కావాలి నాకు. వద్దంటే ఏమనుకుంటుందో. సరే అంటే నాకు మిగిలేది ఆదివారం ఒక్కటి. అడకత్తెరలో పోకచెక్క.

నేల చల్లగా ఉంది, కాళ్ళు లాగుతున్నాయి. వెళ్ళి బూట్లు తెచ్చుకున్నా. ఒకటి తొడుక్కున్నాను, రెండోది చేతిలో ఉంది. నీహారిక వచ్చింది. జుట్టు విరబోసుకుని, ఎడమ చేతిలో దువ్వెన. పిలవలేదు. వంగి బల్ల కింద చూసింది. ఏం అర్థం కాలేదేమో, అలాగే నిలబడింది.

కూర్చోమన్నాను. చిక్కులు తీసి జడ వేశాను. చాలా జుట్టు. నూనె ఎవరూ పెట్టక ఎండిపోయింది. రేపు తలంటుతానన్నా. రేపు శనివారం, డయాన్ అడిగిన శనివారం అని తర్వాత గుర్తొచ్చింది.

జడ వేస్తున్నంతసేపూ ఆ ఒక్క బూటు కాలికే ఉంది. విప్పాలని తోచనే లేదు. పిల్ల దాన్నే చూస్తూ కూర్చుంది. రబ్బరు బ్యాండు పెట్టగానే లేచింది.

"పోక్కా, నీకు ఆఫీసుకి లేటయితాంది."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. మెయిల్‌కి ఇంకా జవాబివ్వలేదు.