నడుముకు కట్టిన తాడు

పెనుకొండ,
నవంబరు 9.

బాలాజి అన్నకు చెల్లెలు మాధవి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం, నాయన మోకాలు తప్ప. దానికి హిందూపురంలో చూపిస్తున్నాం. గోవాలో నువ్వూ, మన పడవా క్షేమమేనని తలుస్తాను.

కొచ్చి దాకా ఈసారి ఒక్కడివే పోతానని రాశావు. చదివి వినిపిస్తే నాయన, "తోడు లేకుండా బాయిలోకే ఎవర్నీ దిగనియ్యల్యా నేను. సముద్రం మీద ఒగడే యాడికి పోతాడంట?" అన్నాడు.

ఒంటరిగా నిద్ర ఎట్లా అని అడిగావు. ఓడలు తిరగని చోట ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకో. లేచి చుట్టూ చూసి మళ్లీ పడుకో. పగలు కూడా అంతే, కళ్లు మూతలు పడేదాకా ఆగొద్దు. తెరచాప తగ్గించాలా వద్దా అన్న అనుమానం రాగానే తగ్గించెయ్. ఇద్దరం చేసే పని ఒక్కడివే చేయాలి కాబట్టి ముందే మొదలుపెట్టాలి. పొయ్యి వెలిగించలేని రోజుకు ఒక చేత్తో తినే తిండి దగ్గర పెట్టుకో, అమ్మ చెనిక్కాయ ఉండలు చేసి పంపుతోంది. పడవ వెనక నిచ్చెన నీళ్లలోంచి అందుతుందో లేదో చూసుకో. నువ్వు పడిపోతే పడవ నీకోసం ఆగదు.

ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే. ఇప్పుడు నన్నే అడుగుతున్నావంటే నీ మీద నీకు నమ్మకం పోయిందని అర్థమైంది.

చివర్లో ఇంకొకటి అడిగావు. కార్వార్ దగ్గర నీళ్లలో పడిన రోజు నీ నడుము తాడు కొక్కెం పడవ కమ్మీకి తగిలించుకున్నట్టే గుర్తుందనీ, నేనేమైనా చూశానా అనీ. "నా మతిమరుపుకు నిన్ను బలి పెట్టలేను, అందుకే ఒగడ్నే పోతాండా" అని కూడా రాశావు. జవాబు ఫోన్లో చెబుదామని మూడుసార్లు చేసి, వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

నువ్వు తగిలించుకున్నావన్నా. తెరచాప తాడు దానికి మెలిపడింది. చిక్కు తీద్దామని నీ కొక్కెం నేనే విప్పాను. నువ్వు అటు తిరిగి ఉన్నావు. ఒక్క నిమిషమే కదా అని చెప్పలేదు. అంతలో అల వచ్చింది.

పదకొండు నిమిషాలు నీళ్లలో ఉన్నావు. పైకి లాగాక, "కొక్కెం తగిలించుకునేది మరిచిపోయినా కదా మాధీ" అన్నావు. నేను అవునన్నాను. భయపడి అబద్ధమాడాను. అప్పటినుంచీ సిగ్గుగానే ఉంది.

బాయిలో పూడిక తీసే రోజుల్లో నాయన ఏమనేవాడో నీకు తెలుసు. "కట్టుకున్నోడే విప్పల్ల. గట్టు మీదోళ్లు తాడు ముట్టగూడదు." ఆ మాట వింటూ పెరిగినదాన్నే నేనూ.

మతిమరుపు నీది కాదు. ఒక్కడివే పోవాలా వద్దా అన్నది ఇప్పుడు నువ్వు తేల్చుకో. పోతే పైన రాసినవి పనికొస్తాయి.

నిన్న నాయనకు చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "వాడు రమ్మంటే పో. వాని తాడు మాత్రం ముట్టుకోవాకు" అన్నాడు.

బ్యాగు సర్దలేదు. నీ జవాబు చూశాక సర్దుతాను.

ఇట్లు,
నీ కొక్కెం విప్పిన చెల్లెలు,
మాధవి