వేలిజిడ్డు తగిలిన గిన్నె

అక్కకు,
నేను కులాసా, బెంగపడకు. ఇక్కడ ల్యాబ్‌లో మేం తుంటిలో అమర్చే లోహపు గిన్నెలు త్రీడీ ప్రింటర్‌లో ప్రింట్ చేసి, చీము పట్టకుండా, ఎముక అతుక్కునేలా మందుపూత వేస్తాం. మొన్న ఒకటి చేతికొస్తే, నీకూ ఇలాంటిదే వేస్తారు కదా అనిపించి, పూతకు ముందు గ్లవ్స్ తీసి నిమిరాను. వేలిజిడ్డు తగిలినచోట పూత నిలవలేదు. మూడు వారాల పని మట్టికొట్టుకుపోయింది. "నీకిదేం పొయ్యేకాలం!" అని మా ల్యాబ్ మేడమ్ కేకలేశారు. అక్క గుర్తొచ్చిందని చెప్పలేక గ్లవ్స్ మళ్లీ తొడుక్కున్నాను.

ఆపరేషన్ ఎప్పుడో రాయి. కర్ర పట్టుకునే నడుస్తున్నావా, మొండికేసి మూల పడేశావా? బావ వంట నోట పెట్టగలుగుతున్నావా? పిల్లలకు ముద్దులు.

వచ్చి ఆర్నెల్లయినా ఇక్కడ ఒక్క మనిషి చెయ్యీ పట్టుకోలేదు. ఈ కార్డు ఒట్టిచేత్తోనే రాస్తున్నాను. జిడ్డు మరక కనిపిస్తే తుడిచెయ్యకు.

నీ చెల్లి